నీరు వెనక్కి మళ్ళినప్పుడు

ఇబ్సెన్ ‘ప్రజాశత్రువు’ 1882లో వెలువడింది. అందులో డాక్టర్ స్టాక్‌మన్ తన ఊరి స్నానశాలల నీరు కలుషితమైందని కనిపెడతాడు. ఆ స్నానశాలల మీద బతికే ఊరు అతని నోరు నొక్కుతుంది. సత్యజిత్ రే దాన్నే 1989లో ‘గణశత్రు’గా తీసినప్పుడు స్నానశాలల నీటి స్థానంలోకి గుడి తీర్థం వచ్చింది. ఈ నాటకాన్ని గురించి మన విమర్శకులు వ్యక్తికీ సమూహానికీ మధ్య ఘర్షణ అంటారు, సత్యానికీ మెజారిటీకీ మధ్య ఘర్షణ అంటారు. పైపుల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. పైపులు తప్పుగా వేశారనీ, తిరిగి వేయాలంటే రెండేళ్ళు పడుతుందనీ నాటకంలోనే ఉంది. నేను ఇక్కడ ఆ పైపు దగ్గరే ఆగదలిచాను. నీరు ప్రైవేటు కంపెనీల చేతుల్లో ఉండరాదన్నది మన నినాదం. అది నా నినాదం కూడా. అయితే ఆ నినాదం వీధి మెయిన్ పైపు దాకా వచ్చి, ఇంటి గుమ్మం ముందు ఆగిపోతున్నదని నా అనుమానం.

నీరు ఎప్పుడూ ఊరి నుంచి ఇంటికే పారుతుందని మనం అనుకుంటాం. మెయిన్ పైపులో ఒత్తిడి ఉన్నంతసేపే అది నిజం. ఒత్తిడి పడిపోతే ఇంట్లోని నీరు వెనక్కి మళ్ళి ఊరి పైపులోకి పోతుంది. బకెట్లో ముంచిన రబ్బరు గొట్టంతో సహా ఏది తగిలి ఉంటే దాన్ని పీల్చుకుపోతుంది. బాయిలరూ పంపూ ఉన్నచోట లోపలి ఒత్తిడి ఎక్కువై బయటికి తోసినా జరిగేది అదే. దీన్నే బ్యాక్‌ఫ్లో అంటారు. 1969లో అమెరికాలోని వూస్టర్‌లో హోలీ క్రాస్ కళాశాల ఫుట్‌బాల్ జట్టు ఆటస్థలం దగ్గర నీళ్ళు తాగింది. సమీపంలో ఇల్లు అంటుకుని ఫైరింజన్లు నీరు లాగడంతో మెయిన్‌లో ఒత్తిడి తగ్గింది. నేలలో పాతిన కుళాయి గుంటల్లో కామెర్లు సోకిన పిల్లలు ఆడుకున్నారు. ఆ గుంటల నీరు పైపులోకి ఎక్కింది. 97 మందిలో 90 మందికి హెపటైటిస్ సోకింది.

అంతకుముందే 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుండగా, పక్కపక్కనే ఉన్న రెండు హోటళ్ళ నుంచి అమీబిక్ జిగట విరేచనాలు వ్యాపించాయి. సుమారు 1,400 మందికి వ్యాధి సోకింది, 98 మంది చనిపోయారు. పాత ప్లంబింగులో మురుగు గొట్టాలకూ మంచినీటి గొట్టాలకూ సంబంధం ఏర్పడడమే కారణం. ఆ సంబంధాన్నే క్రాస్ కనెక్షన్ అంటారు. వ్యాధి ఆనవాళ్ళు ఆగస్టులోనే కనిపించినా, జనానికి సంగతి తెలిసేటప్పటికి నవంబరు వచ్చి ప్రదర్శన ముగింపుకు చేరింది. ఇబ్సెన్ చదివినవాళ్ళకు ఇది కొత్త కథ కాదు. కాకపోతే ఇక్కడ నీరు మున్సిపాలిటీది, పైపు ప్రైవేటు హోటలుది. మన నినాదం ఈ కేసులో ఎవరిని పట్టుకోవాలి?

దీనికి విరుగుడుగా కనిపెట్టిన వాల్వులో ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులుంటాయి. మధ్య గదిలో ఒత్తిడి ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. తలుపు చెడితే ఆ గదిలోని నీరు ఊళ్ళోకి పోకుండా కింద నేలమీదికి కారిపోతుంది. చక్కని ఏర్పాటే. కానీ స్ప్రింగు సడలుతుంది, రబ్బరు గట్టిపడుతుంది, ఇసుక రేణువు ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. అందుకే ఏడాదికొకసారి మనిషి వచ్చి గేజీ తగిలించి చూడాలి.

ఈ మనిషిని రప్పించేదెవరు? కాలిఫోర్నియాలో నిబంధన మున్సిపాలిటీకీ ప్రైవేటు కంపెనీకీ ఒకటే: కనీసం ఏడాదికొక పరీక్ష, అదీ సర్టిఫికెట్ ఉన్నవాడి చేత. తేడా అధికారంలో ఉంది. నగరపాలక సంస్థ ఆర్డినెన్సు చేసి జరిమానా వేయగలదు. కంపెనీకి ఉన్నది రాష్ట్ర కమిషన్ ఆమోదించిన షరతుల కాగితం, కుళాయి కట్టేసే బెదిరింపు. ఇంగ్లండులో దీనికి తలకిందుగా జరిగింది. 1989లో నీటి సంస్థలను ప్రైవేటుపరం చేశారు. 1999 నిబంధనలతో ఇళ్ళల్లో పైపులు తనిఖీ చేసి, తప్పుచేసినవాణ్ణి కోర్టుకీడ్చే బాధ్యతను ఆ కంపెనీలకే అప్పగించారు. లాభం కోసం పుట్టిన సంస్థ చేతికి ప్రభుత్వ లాఠీ ఇచ్చారన్నమాట! స్కాట్లండులో నీరు ప్రభుత్వానిదే. దాదాపు అవే నియమాలు అక్కడ బైలాలుగా ఉన్నాయి.

తనిఖీదారు జీతం కంపెనీకి ఆదాయం తేని ఖర్చు. అందుకని కంపెనీని అనుమానించడం సబబే. మున్సిపాలిటీకి మాత్రం తన చిక్కు తనకుంది. వాల్వు పెట్టించుకోవలసిన ఆసుపత్రి, బడి, పార్కు చాలాచోట్ల దానివే. పరీక్షించేదీ తానే, పరీక్షకు నిలబడేదీ తానే. కెనడాలోని వాకర్టన్‌లో 2000 మే నెలలో జరిగింది బ్యాక్‌ఫ్లో కాదు, బావిలోకి చేరిన పశువుల పేడ. అయినా ఆ ఉదాహరణను వదలలేను. అక్కడి నీటి సంస్థ ప్రజలదే. దాని ఉద్యోగులు క్లోరిన్ లెక్కలు దొంగవి రాశారు. ప్రభుత్వ ప్రయోగశాలలు ఆ పని మానుకున్నాక నమూనాలు ప్రైవేటు ప్రయోగశాలకు వెళ్ళాయి. అది చెడు ఫలితాన్ని ఆరోగ్యాధికారికి చెప్పలేదు, చెప్పాలన్న చట్టమూ లేదు. ఏడుగురు చనిపోయారు, సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. ప్రజల సంస్థా ప్రైవేటు సంస్థా కలిసి మౌనం వహించిన సందర్భమిది. కథకులెవరైనా దీన్ని పట్టించుకుంటే బాగుండును.

మన ఊళ్ళ సంగతి వేరు. అక్కడ ఒత్తిడి పడిపోవడం ప్రమాదం, ఇక్కడ అది దినచర్య. నీళ్ళు వదిలేది గంటో రెండు గంటలో. మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉండి, పక్కనున్న మురుగుకాల్వ నీటిని చిల్లుల్లోంచి లోపలికి రానిస్తుంది. దీనికి తోడు కుళాయికే మోటారు బిగించి లాగేవాళ్ళం మనం. ఏ వాల్వూ దీన్ని నయం చేయదు. రోజంతా నిండుగా పారే పైపు కావాలి, దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర యాజమాన్యం ప్రశ్న నిజంగా మొదలవుతుంది.

డబ్బు అక్కర్లేని రక్షణ ఒకటుంది. అత్యంత ప్రమాదకరమైన ద్రవాలున్న చోట ఇంగ్లండు నిబంధనలు వాల్వును కూడా నమ్మవు. పైపు మూతికీ తొట్టిలోని నీటికీ మధ్య ఖాళీ జాగా వదలమంటాయి. గాలిని దాటి నీరు వెనక్కి ఎక్కలేదు. ఈ వ్యాసం రాస్తూ మధ్యలో లేచి మా ఇంటి సంపు మూత తీసి చూశాను. మున్సిపాలిటీ పైపు మూతి జానెడు లోతున నీళ్ళలో మునిగి ఉంది.