“పోస్ట్!” అని కేకవేయని పోస్టుమాన్

పొద్దున పదకొండు గంటలయ్యేసరికి మా ఊళ్ళో అరుగుల మీద కూర్చున్న వాళ్ళందరి కళ్ళూ వీధి మలుపు వైపు తిరిగేవి. ఖాకీ చొక్కా, చంకకు సంచీ, పాత సైకిలు, “పోస్ట్!” అని ఒక కేక. ఆ కేకకు వంటింట్లో తిరగమోత పెడుతున్న అమ్మ కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది. చదువురాని అవ్వలకు ఉత్తరం చదివి పెట్టేదీ ఆయనే, మనియార్డరు డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వేలిముద్ర వేయించుకునేదీ ఆయనే. ఆయనకు ఇంటినంబర్లతో పనిలేదు. ఏ ఇంటికోడలు ఏ ఊరి ఆడపిల్లో ఆయనకు తెలుసు.

ఇక్కడ ఐర్లండులో రాస్‌కామన్ కౌంటీలో, ఊరికి దూరంగా ఒక సందు చివర అద్దె ఇంట్లో దిగినప్పుడు నేను మొదట వెతుక్కున్నది ఆ కేకనే. ఇక్కడి పోస్టుమాన్ కేకవేయడు. పచ్చని వ్యాను దిగి, తలుపుకున్న చీలికలో కాగితాలు జారవిడిచి, కుక్కను ఒకసారి పలకరించి వెళ్ళిపోతాడు. ఇంతేనా అనుకున్నాను. కాదని తెలియడానికి ఒక దెబ్బ తగలవలసివచ్చింది.

2017లో మా తమ్ముడి పెళ్ళి కుదిరింది. రెన్యూవల్‌కు పంపిన నా పాస్‌పోర్టు తిరిగి రావడానికి చిరునామా వ్రాసిన రిజిస్టర్డ్ కవరు నేనే జతచేశాను. ఇంటి ఓనరు చెప్పినట్టు పల్లె పేరు, దగ్గరి టౌను పేరు, కౌంటీ పేరు వ్రాశాను. చివర ఉండే ఏడక్షరాల కోడు తప్పనిసరి కాదు కదా అని వదిలేశాను. అదే చిరునామాతో మా చుట్టుపక్కల ఇంకా నాలుగిళ్ళున్నాయని నాకేం తెలుసు? మా పేరు ఆ దారిలో ఎవరికీ తెలియదు. కవరు చేరవలసిన చోట చేరక, పంపిన చోటికే తిరిగి వెళ్ళింది. మళ్ళీ ఫోన్లు, మళ్ళీ అర్జీలు. పాస్‌పోర్టు నా చేతికి వచ్చేసరికి తెనాలిలో తమ్ముడి అప్పగింతలు కూడా అయిపోయాయి. తప్పు ఎవరిదీ కాదు, నాదే. అందుకే మన సంఘం కుటుంబాల కోసం ఈ నాలుగు మాటలు.

ఇంటిపేరుంటేనే ఇల్లు

ఐర్లండు పల్లెల్లో ఇళ్ళకు నంబర్లుండవు, సందులకు పేర్లుండవు. ఉండేది “టౌన్‌లాండ్”. పేరులో టౌను ఉన్నా అది కొన్ని పొలాలు, కొన్ని ఇళ్ళు కలిసిన చిన్న కండ్రిక లాంటిది. ఐర్లండు ద్వీపం మొత్తం మీద ఇలాంటివి 60,000కు పైగా ఉన్నాయి. ఒక టౌన్‌లాండ్‌లో పది ఇళ్ళుంటే పదింటికీ ఒకటే చిరునామా. దేశంలోని చిరునామాల్లో మూడోవంతుకు పైగా ఇలా ఒకదాన్ని పోలి ఒకటి ఉన్నవేనని అంచనా.

మరి ఉత్తరాలెలా చేరేవి? మనుషుల పేర్లతో. ఆ పేర్లలోనూ చిక్కే. టిప్పరరీ కౌంటీలో ర్యాన్ అనే ఇంటిపేరుగలవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, ఒక కుటుంబాన్ని ఇంకో కుటుంబం నుంచి విడదీయడానికి ప్రతివాళ్ళకూ ఒక ముద్దుపేరు తగిలించారు. ఇంకొన్ని చోట్ల తండ్రి పేరు, తాత పేరు కలిపి పిలుస్తారు. మన ఊళ్ళలో “మెట్టింటి సుబ్బయ్య, చింతచెట్టు సుబ్బయ్య, మిలిటరీ సుబ్బయ్య” అన్నట్టే. ఈ లెక్కంతా పోస్టుమాన్ బుర్రలో ఉండేది.

ఇక్కడి సన్నని దారులను “బోరీన్” అంటారు. ఐరిష్‌లో “బో” అంటే ఆవు. ఆ మాటలోంచే దారి అనే మాట, దానిలోంచి చిన్నదారి అనే బోరీన్ పుట్టాయని చెబుతారు. మా గుంటూరు వైపు డొంక అనీ, గోదావరి వైపు పుంత అనీ అనేది ఇలాంటి దారినే కదా!

గుర్రాల బండి నుంచి పచ్చ డబ్బా దాకా

ఈ దేశపు టపా చరిత్రలో ఒక వలసజీవి ఉన్నాడని తెలిసి నాకు ముచ్చటేసింది. ఇటలీలో 1786లో పుట్టిన చార్లెస్ బియాంకోనీ 1802లో కుర్రవాడిగా ఇక్కడికి వచ్చి ఊరూరా తిరిగి పటాలమ్మేవాడు. నడిచి నడిచి కాళ్ళరిగిపోయిన ఆ మనిషి 1815 జూలైలో క్లాన్‌మెల్ నుంచి కాహిర్‌కు ఒక గుర్రపుబండి నడపడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన బండ్లు దేశంలో చాలాభాగం తిరిగాయి, మనుషులతోపాటు టపా కూడా మోశాయి. ఆ పటాలమ్మిన కుర్రవాడే చివరకు క్లాన్‌మెల్ మేయరయ్యాడు.

ఇంకొకాయన ఆంటోనీ ట్రాలప్. ఇంగ్లీషు నవలాకారుడుగా మనలో కొందరికి కాలేజీ రోజుల్లో పరిచయం. ఆయన పొట్టకూటి ఉద్యోగం మాత్రం పోస్టాఫీసులోనే. 1841లో బానహర్ అనే ఊరికి బదిలీ మీద వచ్చాడు. పల్లె పల్లెకూ ఉత్తరాలు మోసే మనిషి ఉండాలన్నది ఆయన పట్టుదల. ముందు ఐర్లండులోనూ, 1851 నుంచి ఇంగ్లండు పశ్చిమ జిల్లాల్లోనూ గుర్రమెక్కి తిరిగి, ఏ పోస్టుమాన్ ఏ దారిన నడవాలో కొలిచి నిర్ణయించాడు. రోజుకు 16 మైళ్ళకు మించి ఎవరినీ నడిపించకూడదని నియమం. అంటే సుమారు 26 కిలోమీటర్లు, వానలో, బురదలో! ఆ దారిలో వచ్చే ఉత్తరాల రాబడి అతని జీతానికి సరిపోతుందని చూపితేనే ఆ దారి మంజూరయ్యేది.

ఇక్కడి పోస్టు డబ్బాలు పచ్చగా ఎందుకుంటాయని పిల్లలు అడుగుతుంటారు. ఇంగ్లీషువాళ్ళ హయాంలో అవి ఎర్రగానే ఉండేవి. 1922లో స్వతంత్ర రాజ్యం వచ్చాక వాటిని తీసిపారేయలేదు, పచ్చరంగు పూశారు. పాత డబ్బాలను దగ్గరగా చూడండి, ఆ రంగు కింద విక్టోరియా రాణి పేరు పొడి అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అదే ఏడాది డిసెంబరు 6న తమ దేశపటం వేసిన రెండు పెన్నీల పచ్చ స్టాంపు వెలువడింది. అంతవరకూ ఇంగ్లండు రాజు బొమ్మ మీదే తమ ముద్ర కొట్టి వాడుకున్నారు. టపా పని చూసే సర్కారు శాఖ స్థానంలో 1984 జనవరి 1న “ఆన్ పోస్ట్” సంస్థ ఏర్పడింది. ఐరిష్‌లో ఆ మాటకు అర్థం ఉట్టి “పోస్టు” అనే!

ఏడక్షరాల మంత్రం

మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. మన రెండు తెలుగు రాష్ట్రాల కోడ్‌లు 5తో మొదలవుతాయి. ఐర్లండుకు మాత్రం దేశమంతటికీ కోడ్ రావడానికి 2015 జూలై దాకా పట్టింది. దాని పేరు “ఎయిర్‌కోడ్”.

ఆలస్యంగా వచ్చినా వివరంగా వచ్చింది. మన పిన్‌కోడ్ ఒక పోస్టాఫీసు పరిధిని చెబుతుంది. ఎయిర్‌కోడ్‌లో మొదటి మూడక్షరాలు ప్రాంతాన్ని, తర్వాతి నాలుగు ఒక్క ఇంటిని మాత్రమే చెబుతాయి. పక్కింటి కోడ్‌కూ మన కోడ్‌కూ వరుస ఉండదు, కనుక ఊహించి వ్రాస్తే కుదరదు. అంబులెన్సుకు దారి చెప్పవలసివచ్చినా ఈ ఏడక్షరాలే దిక్కు. ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో వ్రాసి అంటించండి. ఇండియా నుంచి వచ్చి ఉంటున్న అమ్మానాన్నలకు, అత్తమామలకు అది కంఠతా రావాలి. మన దేశంలోనూ 2025 మేలో తపాలాశాఖ ఐ.ఐ.టి. హైదరాబాద్ తోడ్పాటుతో “డిజిపిన్” అనే పదక్షరాల కోడ్ తెచ్చింది. అది నాలుగు మీటర్ల చదరాన్ని కూడా గుర్తుపడుతుంది.

గుమ్మం దాకా రావడం వాళ్ళ ధర్మం

2000 దాటిన తొలి ఏళ్ళలో ఇక్కడొక గొడవ జరిగింది. పల్లె ఇళ్ళవాళ్ళు సందు మొగలో రోడ్డు పక్కన డబ్బాలు పెట్టుకుంటే ఉత్తరాలు అందులో వేసి వెళ్ళాలన్న ఆలోచన వచ్చింది. పల్లెవాళ్ళు ఒప్పుకోలేదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు రోజు మొత్తంలో కనిపించే మనిషి పోస్టుమాన్ ఒక్కడే కావచ్చు, ఆయన్నీ గేటు దగ్గరే ఆపేస్తారా అన్నారు. ప్రతి పనిదినం ప్రతి ఇంటికీ ఒకసారి బట్వాడా జరగాలని 2011 నాటి తపాలా చట్టం చెబుతోంది.

ఆ మాట విలువ 2020లో తెలిసింది. కరోనా కట్టడిలో ఇంటికి రెండు కిలోమీటర్లు దాటి నడకకు కూడా పోకూడదన్న రోజుల్లో పోస్టుమాన్లు ముసలివాళ్ళ తలుపు తట్టి యోగక్షేమాలు కనుక్కున్నారు. పోస్టు చేయవలసిన ఉత్తరాలు గుమ్మంలోనే తీసుకున్నారు. ప్రతి ఇంటికీ రెండేసి ఉచిత పోస్టుకార్డులు పంచారు. అయితే అంతకు ముందే, 2018లో, 159 పోస్టాఫీసుల పోస్టుమాస్టర్లు విరమణ ప్యాకేజీ తీసుకోగా ఆ ఆఫీసులు మూతబడ్డాయి. పల్లెలో పోస్టాఫీసు దూరమయ్యేకొద్దీ గుమ్మంలోకి వచ్చే మనిషి అవసరం పెరుగుతుంది.

స్టాంపుల కోసం ఊరికెళ్ళనక్కరలేదు

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు చెబుతుంటుంది. అక్కడి పల్లెల్లో బట్వాడా 1896లో మొదలైంది. ఇప్పటికీ ఆర్డరు కవరులో డబ్బు పెట్టి డబ్బాలో ఉంచితే పల్లె పోస్టుమాన్ స్టాంపులు తెచ్చిపెడతాడు. చక్రాల మీద పోస్టాఫీసన్నమాట. ఇక్కడ ఆ పని వేరే విధంగా జరుగుతుంది. ఆన్ పోస్ట్ వెబ్‌సైటులో ఆర్డరిస్తే స్టాంపులు కూడా పోస్టులోనే ఇంటికొస్తాయి.

ఒక కిటుకు గుర్తుంచుకోండి. ధర అచ్చువేయని స్టాంపులుంటాయి. “ఎన్” అంటే దేశంలోపలికి, “డబ్ల్యు” అంటే విదేశాలకు. రేటు పెరిగినా ఇవి చెల్లుతాయి. దేశంలోపలి స్టాంపు 2024లో 1 యూరో 40 సెంట్లుంటే, 2025 ఫిబ్రవరిలో 1 యూరో 65 సెంట్లయింది. ముందే కొని బీరువాలో దాచినవాళ్ళు లాభపడ్డారు, మన ఆడవాళ్ళు పండగ ముందే బెల్లం కొన్నట్టు! స్టాంపు అసలే లేకపోతే, 2022లో వచ్చిన డిజిటల్ స్టాంపు ఉంది. యాప్‌లో డబ్బు కట్టి, వచ్చిన కోడ్‌ను కవరు మీద స్టాంపు అంటించేచోట కలంతో వ్రాస్తే చాలు.

మనం చేయవలసినవి

సంతకం కావలసిన కవరు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే ఒక చీటీ వదిలి వెళతారు. ఆ చీటీ, ఫోటో ఉన్న గుర్తింపుకార్డు తీసుకుని గడువులోగా వెళ్ళి తెచ్చుకోవాలి. ఇల్లు మారితే పాత చిరునామా నుంచి కొత్తదానికి ఉత్తరాలు మళ్ళించే సేవ, ఇండియా వెళితే తిరిగొచ్చేదాకా ఉత్తరాలు దాచిపెట్టే సేవ, రెండూ రుసుము కట్టి తీసుకోవచ్చు. ఇండియా నుంచి పార్శిల్ వేసేవాళ్ళకు చెప్పండి: లోపలున్న వస్తువుల వివరం, విలువ ఫారంలో నిజంగా వ్రాయాలి. మాంసం పచ్చళ్ళు, పాలతో చేసిన మిఠాయిలు యూరప్‌లోకి రానివ్వరు.

అన్నిటికన్నా ముఖ్యం, తలుపు మీద పేర్లు. పాస్‌పోర్టు గొడవ తర్వాత మా పోస్టుమాన్ ఒకరోజు తలుపుతట్టి, “మీ ఇంటికి అయిదు ఇంటిపేర్లతో ఉత్తరాలొస్తున్నాయి, ఇక్కడ ఎన్ని కుటుంబాలున్నాయి?” అని అడిగాడు. ఉన్నది ఒకటే కుటుంబం! మావారి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకటి, నాకు పుట్టింటిది, పెద్దాడికి వాడి పేరే ఇంటిపేరైంది, చిన్నదానికి తండ్రి పేరు, మామగారికి ఊరిపేరు. అన్నీ ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి వ్యానులో అద్దం దగ్గర పెట్టుకున్నాడు.

ఆ కాగితం ఫలం రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఫోన్లో మాటలు సరిగా వినపడని మా నాన్న స్వహస్తాలతో ఒక ఉత్తరం వ్రాశారు. కవరు మీద నా పేరు, చిన్నప్పటి ముద్దుపేరు, రాస్‌కామన్, ఐర్లండ్. అంతే! కోడు లేదు, పల్లెపేరు లేదు. అయినా చేరింది. ఆ రోజు మా పోస్టుమాన్ కవరు చీలికలో జారవిడవలేదు, తలుపుతట్టి చేతికిచ్చాడు. అదే నాన్న నాకు వ్రాసిన ఆఖరి ఉత్తరం.

కోడు ఇల్లు చూపిస్తుంది, కవరు మీది పేరు ఎవరిదో మనిషికి తెలియాలి. ఈ దీపావళికి మీ గుమ్మంలో దీపాలతోపాటు మీ పేర్లు కూడా కనిపించనివ్వండి. పిల్లల చేత తాతయ్యకో అమ్మమ్మకో తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాయించి, “డబ్ల్యు” స్టాంపు అంటించి, పచ్చ డబ్బాలో వేయించండి. మీ పోస్టుమాన్ వచ్చినప్పుడు రెండు అరిసెలు చేతిలో పెట్టడం మరవకండి. అందరికీ పండగ శుభాకాంక్షలు!