పుట్టు చెవుడు గల పిల్లలు స్పృహ తప్పితే ఇ.సి.జి. తప్పనిసరి

మెదక్: పుట్టుకతోనే వినికిడి లేని బిడ్డ పరుగెత్తినపుడు గానీ, ఉలిక్కిపడినపుడు గానీ స్పృహ తప్పితే, దానిని మూర్ఛగా భావించి ఊరుకొనరాదు. అది వంశపారంపర్యమైన గుండె లయ లోపం కావచ్చును. 1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగే-నీల్సన్ ఒకే కుటుంబంలోని నలుగురు బధిర బాలలలో దీనిని గుర్తించారు. వారిలో ముగ్గురు హఠాత్తుగా మరణించారు.

కె.సి.ఎన్.క్యు.1, కె.సి.ఎన్.ఇ.1 అనే జన్యువులు కణాలలో పొటాషియం ప్రవహించే మార్గాలను నిర్మిస్తాయి. గుండెకు, లోపలి చెవికి ఇవే ఆధారం. వీటిలో ఒకే జన్యువు తల్లి నుండి, తండ్రి నుండి కూడా లోపంతో సంక్రమించినపుడు చెవుడు, లయ లోపం రెండూ కలుగుతాయి. తల్లిదండ్రులు ఆరోగ్యవంతులుగానే కనిపించవచ్చును. అయినప్పటికీ ప్రతి కాన్పులోనూ ఈ అవకాశం 25 శాతం. మేనరికాలలో దంపతులిద్దరికీ ఒకే పూర్వీకుని లోపం సంక్రమించే అవకాశం అధికం. మన ప్రాంతంలో ఈ సంబంధాలు కొత్త కాదు.

వ్యాధి అరుదైనదే. అయితే ఇ.సి.జి.లో క్యు.టి. వ్యవధి సాధారణంగా 500 మిల్లీసెకన్లు దాటుతుంది కనుక గుర్తించడం కష్టం కాదు. బీటా బ్లాకర్ మందులు ప్రాణాపాయాన్ని తగ్గిస్తాయి. కొందరికి డీఫిబ్రిలేటర్ అమర్చవలసి ఉంటుంది. కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చుటకు ముందే ఈ పరీక్ష జరిపించవలెను. వ్యాధి నిర్ధారణ అయిన బిడ్డ తోబుట్టువులకు సైతం ఇ.సి.జి. తీయించవలసి ఉంటుంది.