జిల్లా లాభనష్టములను లెక్కించు విధము



మన ప్రాంతమున ఒక కర్మాగారము పెట్టుదురని గాని, ఒక ఆనకట్ట కట్టుదురని గాని, నడుచుచున్న మిల్లు మూతపడునని గాని వార్త వచ్చినప్పుడు రచ్చబండ మీద రెండు మాటలు వినవచ్చును. “ఇక మన జిల్లా బాగుపడినట్లే” అని ఒకరందురు. “ఇక మన పని ముగిసినట్లే” అని మఱియొకరందురు. రెండును లెక్క చూడక యాడిన మాటలే. దెబ్బ తగిలిన చోటు అందఱకును కనబడును; అది ఎంతదూరము పోయి ఎచ్చట ఆగునో కంటికి కనబడదు. దానిని కనుగొనుటకు అర్థశాస్త్రజ్ఞులు కొన్ని పద్ధతులు ఏర్పఱచినారు. ఆ పద్ధతుల సారమును, గోదావరి తీరపు చరిత్రను ఉదాహరణముగా గొని, ఈ పూట మీకు విన్నవించుకొందును.

పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో నరసాపురము చెంతనున్న మాడపొల్లమునందును, ఇంజరమునందును ఈస్టిండియా కంపెనీవారు బట్టలు కొనుచుండిరి. మాడపొల్లము పేరు ఆంగ్లేయుల నోట ఒక రకపు బట్టకు పేరై నిలిచినది. లాంకషైరు యంత్రముల బట్ట చౌకగా వచ్చిపడుటతో కంపెనీ కొనుగోళ్లు క్షీణించెను. 1833 నాటి చట్టముతో కంపెనీ వర్తకమునే విడిచిపెట్టెను. దెబ్బ సాలెవాని మగ్గముపై పడినది. కాని అచ్చటనే ఆగెనా? మగ్గము ఆగిన నూలు వడకు స్త్రీకి పనిలేదు; నూలు అక్కఱలేనిచో ప్రత్తి వేసిన రైతునకు బేరము లేదు; బట్ట చలువ చేయువానికిని, చిరివేరు త్రవ్వి రంగు కూర్చువానికిని చేతిలో పనిలేదు. వీరందఱును ధాన్యపు కొట్టునకు వెళ్లుట తగ్గించిరి.

ఆ కాలముననే 1832–33లో నందననామ సంవత్సరపు కఱవు వచ్చినది. వర్షములు లేకపోవుట దానికి మూలకారణము. అయినను, చేతిలో డబ్బున్నవాడు దూరపు ధాన్యమునైన కొనగలడు, జీవనమే పోయినవాడు కొనలేడు గదా. 1839లో కోరంగి తీరమును తుపాను ముంచివేసెను. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా నుండిన ఆ జిల్లా జనసంఖ్య 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగినది. ఒక్కొక్క దెబ్బను వేఱువేఱుగా చూచిన ఈ పతనము అర్థము కాదు. వాటిని కలిపి చూపు లెక్క కావలెను.

ఆ లెక్కకు ఆధారము ఒక పట్టిక. కాగితముపై గడులు గీయుదము. అడ్డవరుసలో ఒక్కొక్క వృత్తివారు తమ సరకును ఎవరెవరికి ఎంత యమ్మినారో వ్రాయవలెను. నిలువుగా చూచినచో అదే వృత్తివారు ఎవరెవరియొద్ద ఎంత కొన్నారో తెలియును. ఫ్రాన్సు రాజగు పదునైదవ లూయీ యొద్ద వైద్యుడుగా నుండిన కెనే 1758లో ఇట్టి చిత్రమును మొదట గీసెను. దేహమున రక్తము తిరుగునట్లు దేశమున ధనము తిరుగుట ఆ వైద్యునకు తోచుట వింత కాదు. రష్యానుండి వెళ్లి అమెరికాలో ఆచార్యుడైన లియాంటీఫ్ 1936లో అమెరికా పరిశ్రమలకు ఇట్టి పట్టికను ప్రకటించెను. ఆ కృషికే 1973లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. అటుపిమ్మట ఈ పద్ధతిని ఒక్కొక్క ప్రాంతమునకు విడివిడిగా వర్తింపజేసిరి.

పట్టికతో లెక్క యెట్లు వేయుదురో ఒక కల్పిత ఉదాహరణముతో చూపుదును. 100 రూపాయల బట్టకు 40 రూపాయల నూలు, 40 రూపాయల నూలునకు 20 రూపాయల ప్రత్తి కావలెననుకొందము. పైదేశపు వర్తకుడు 1000 రూపాయల బట్ట కొనుట మానెను. అప్పుడు నూలు అమ్మకము 400, ప్రత్తి అమ్మకము 200 తగ్గును. మూడును కూడిన 1600. “జిల్లాకు 1600 నష్టము” అని తొందరపడి చెప్పువారు కలరు. అది తప్పు. నూలు వెల బట్ట వెలలో చేరియే యున్నది. దానిని రెండుమాఱులు లెక్కింపరాదు. సాలెవానికి పోయినది 600, వడకువారికి 200, రైతునకు 200. మొదటి విడత ఆదాయ నష్టము 1000 మాత్రమే. క్రొత్త కర్మాగారమును గుఱించి పెద్ద పెద్ద అంకెలు మీకు చెప్పునప్పుడు అవి అమ్మకములా, ఆదాయములా అని మొదట అడుగుడు.

రెండవ విడత ఆ ఆదాయములు ఖర్చగుటతో మొదలగును. కాలువనీటిని తలచుకొనుడు. తూము వద్ద వదలిన నీరంతయు చివరి మడికి చేరదు. దారిలో కొంత ఇంకును, కొంత ఆవిరియగును, కొంత మురుగుకాలువలోనికి జాఱును. రూపాయియు నట్లే. వచ్చిన ప్రతి రూపాయిలో 60 వంతులు జిల్లాలోనే ఖర్చగుచున్నచో, 100 రూపాయలు మొదట 60, తరువాత 36, ఆ తరువాత 21 చిల్లర యగుచు తిరిగి తుదకు 250 రూపాయల ఆదాయమగును. 20 వంతులే నిలుచునట్లయిన అదే 100 రూపాయలు 125 దగ్గఱ ఆగిపోవును. ఇంగ్లండులో కాన్ అను పండితుడు 1931లో ప్రభుత్వము చేయించు పనులను గుఱించి ఈ గుణకారమును వివరించెను. నూలు ఇతర ప్రాంతపు మిల్లునుండి వచ్చుచున్నచో, మన ఉదాహరణములో సాలెవాని 600 మాత్రమే జిల్లాది. గొలుసు తెగిన చోట దెబ్బయు ఆగును, లాభమును ఆగును.

ఇక మంచి దెస చూతము. ఆ జిల్లా దుర్దశ విచారించుటకు మాంట్‌గోమరీ దొర వచ్చిన పిమ్మట, ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారము 1847లో ఆరంభమై 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా అది గోదావరికి అడ్డముగా నిలిచినది. దీని ఫలమును రెండు పద్దులుగా వ్రాయవలెను. రాతిపనివానికి, సున్నపు బట్టీవానికి, మట్టి మోసిన కూలికి ముట్టిన డబ్బు ఒక పద్దు. పని ముగిసిననాడే అది ముగిసినది. కాలువలలో పాఱిన నీరు రెండవ పద్దు. అది ఏటేట వచ్చునది. ఆ కాలువలు పొలము తడుపుటయే గాక పడవలను నడపినవి; ధాన్యము కాకినాడ రేవు చేరినది; కోతలకు విశాఖపట్టణపు జిల్లానుండి కూలీలు వచ్చిరి. కావున ఈ జిల్లా లాభములో కొంత పొరుగు జిల్లా ఇండ్లకు చేరినది. ఈ జిల్లాలోనే మెట్టనున్న యూళ్లకును, మన్యమునకును ఆ నీరు ఎక్కలేదు. జిల్లా మొత్తమునకు ఒక్క అంకె చెప్పినచో ఈ భేదము దాగిపోవును.

ఇచ్చట ఒక మెలకువ కలదు. ఆనకట్ట ఫలమును 1841 నాటి స్థితితో పోల్చి చెప్పుట తఱచు. కాని 1841 కఱవుల తరువాతి కాలము. ఆనకట్ట లేకున్నను, మంచి వానలు పడిన కొంత కోలుకొనెడివారే. “ముందెట్లుండెను, తరువాత ఎట్లున్నది” అనుట చాలదు; “ఇది లేకున్న ఎట్లుండెడిది” అని అడుగవలెను. ఆనకట్ట మేలు గొప్పదే. అయినను గొప్ప మేలును సైతము సరియైన కొలతతోనే కొలువవలెను.

పుష్కరములకును ఇదే ప్రశ్న. 2015 జులై 14 మొదలు 25 వఱకు గోదావరి పుష్కరములు జరిగెను. దూరపు యాత్రికుడు రాజమహేంద్రవరమున ఖర్చుపెట్టిన రూపాయి ఆ యూరికి క్రొత్తది. ఆ యూరివాడే రోజూ పోవు అంగడి మాని పుష్కరపు అంగడిలో కొన్నచో, రూపాయి చేయి మాఱినది గాని పెరుగలేదు. యాత్రికుడు కొన్న ఇత్తడి చెంబు వేఱొక రాష్ట్రమున చేసినదైనచో, అంగడివాని లాభమును కూలియు తప్ప తక్కినది వచ్చిన దారినే పోవును. రద్దీకి జడిసి ఆ పండ్రెండు దినములు మానుకొన్న బేరములను తీసివేయవలెను.

పట్టికకు లోపములు లేకపోలేదు. నేటి నిష్పత్తులే రేపును నిలుచునని అది తలచును. కావలసినన్ని చేతులు ఎల్లప్పుడు దొరకునని తలచును. కోతల వేళ పెద్దపని మొదలైన కూలిరేట్లు పెరుగును. చిన్నరైతు కోత వెనుకబడును. వెలలును కూలిరేట్లును మాఱుటను గూడ పట్టుకొను లెక్కను నార్వేలో జొహాన్సెన్ 1960లో వేసెను. నేడు ఆ తెగ లెక్కలను యంత్రగణకములు క్షణములలో చేయుచున్నవి. యంత్రము వేగమునిచ్చును గాని సత్యమునీయదు. మనము ఇచ్చిన అంకెలనే అది గుణించును.

పెద్దలారా, రేపు మీ గ్రామసభకు ఎవరైన పథకముతో వచ్చినచో, పండితుల సూత్రములతో మీకు పనిలేదు. ఈ డబ్బు ఎచ్చటినుండి వచ్చును? మన యొద్ద ఎంత నిలుచును? పని ముగిసిన తరువాత ఏమి మిగులును? ఇది లేకున్న ఏమయ్యెడిది? లాభమెవరిది, భారమెవరిది? ఈ అయిదింటికి సమాధానము రాబట్టుడు. నాడు సాలెవాని మగ్గము ఆగినప్పుడు ఆ దెబ్బ ఎవరెవరి యిండ్లకు చేరునో ముందుగా లెక్కించినవాడు లేకపోయెను. ఆ లెక్క వేయు విద్య నేడు కలదు. అడుగువారు లేనిచో, ఆ విద్య ఉండియు లేనట్లే.