పాత కంప్యూటర్‌ను పారేయక్కర్లేదు!

తెనాలి: “దీనికి కాలం చెల్లింది మాస్టారూ, కొత్తది కొనుక్కోవడమే మార్గం” అని మరమ్మతు దుకాణంలో కుర్రవాడు చెప్పేసరికి ఆ విశ్రాంత ఉపాధ్యాయుని గుండెల్లో రాయి పడింది. 2017లో పదవీ విరమణ డబ్బుతో కొన్న కంప్యూటరు అది. ఏడో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసరు, 8 జీబీ మెమరీ. నేటికీ మీట నొక్కితే మారాం చేయకుండా వెలుగుతుంది. కరెంటు బిల్లు కట్టాలన్నా, అమెరికాలో వున్న కుమార్తెతో మాట్లాడాలన్నా ఆయనకు అదే ఆధారం. అన్నిటినీ మించి, నాలుగేళ్ల క్రితం కాలం చేసిన భార్య ఫొటోలు అందులో తప్ప మరెక్కడా లేవు.

ఇది ఆయన ఒక్కరి బాధ కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ఉచిత భద్రతా సవరణలను నిలిపివేసింది. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరంగానీ ఆపైదిగానీ అయివుండాలి. ఏడో తరం యంత్రం ఎంత బాగా పనిచేస్తున్నా గుమ్మం బయటే నిలబడాలన్నమాట. ఇళ్లలో వాడేవారు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు సవరణలు అందించే ఏర్పాటు ఒకటి చేశారుగానీ, అది గడువు పొడిగింపే తప్ప పరిష్కారం కాదు. సవరణలు లేని కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు జరపడం తలుపు గడియ పెట్టకుండా నిద్రపోవడమే.

కనుక మిగిలిన దారి లినక్సు. అది ఉచితం. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పని అది. నేడు మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున నడిచేది కూడా ఆ లినక్సు కెర్నలే. అంటే లినక్సు వద్దనేవారి జేబులో కూడా లినక్సు వుందన్నమాట!

ఇన్ని రకాల్లో ఏది?

చిక్కంతా ఇక్కడే. లినక్సు ఒకటి కాదు, వందల రూపాల్లో దొరుకుతుంది. బియ్యం ఒకటే అయినా ఒకరింట్లో పులిహోర, మరొకరింట్లో చక్రపొంగలి అయినట్లు, ఒకే కెర్నలు చుట్టూ వేర్వేరు బృందాలు వేర్వేరు వ్యవస్థలు అల్లాయి. ఏది గొప్పదన్న విషయం మీద కుర్రవాళ్లు సినిమా అభిమానుల్లా వాదించుకుంటారు. ఆ వాదనలు వింటూ కూర్చుంటే కొత్తవారు అడుగు ముందుకు వేయలేరు.

ఈ విలేఖరి అభిప్రాయం అడిగితే, ఇంట్లో మామూలు వాడకానికి, మొదటిసారి మారేవారికి లినక్సు మింట్ చాలు. 2006లో మొదలైన ఈ వ్యవస్థ ఉబుంటు పునాదిపై నిర్మితమైంది. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఇవన్నీ విండోస్‌లో చూసిన చోటనే వుంటాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, ఉత్తరాలు రాసుకునేందుకు లిబ్రెఆఫీసు ముందే వుంటాయి. 2024 జులైలో వచ్చిన 22వ శ్రేణికి 2029 దాకా సవరణలు అందుతాయి. అంటే ఏడాదికోసారి మళ్లీ మొదట్నుంచి ఎక్కించుకునే గొడవ లేదు.

మింట్‌లోనూ మూడు రూపాలున్నాయి. సినమన్ అందంగా వుంటుంది, మెమరీ 8 జీబీ వున్నవారికి నిశ్చింత. 4 జీబీతో నెట్టుకొస్తున్న పాత ల్యాప్‌టాప్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక. మూడోది మాతే, ఈ రెంటికీ మధ్యస్థం. ఈ మూడింటి ఎంపికలో పొరపాటు జరిగినా కొంప మునగదు.

మింట్ నచ్చనివారికి ఐర్లాండ్‌లో తయారయ్యే జోరిన్ వుంది. దాని 18వ రూపాన్ని సరిగ్గా విండోస్ 10 గడువు ముగిసిన రోజునే విడుదల చేయడం గమనార్హం. ఉబుంటు మంచిదేగానీ తెర అమరిక వేరుగా వుంటుంది, పెద్దవారు తడబడతారు. కంప్యూటర్‌ను ప్రధానంగా ఆటలకే వాడేవారికి, అందులోనూ కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నవారికి, ఫెడోరా ఆధారంగా తయారైన బజైట్ అనుకూలం.

ముందు రుచి చూడవచ్చు

పెళ్లిచూపులు లేకుండా పెళ్లి చేసుకోనక్కర్లేదు. మింట్ ఫైలు సుమారు 3 జీబీ వుంటుంది. దాన్ని దించుకుని రూఫస్ లేదా ఎచర్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి పోతాయి సుమా. తర్వాత దాన్ని గుచ్చి, కంప్యూటరు వెలిగే క్షణంలో ఎఫ్12 మీట నొక్కితే దేంతో మొదలుపెట్టాలో అడుగుతుంది. కొన్ని కంపెనీల యంత్రాల్లో అది ఎఫ్9, మరికొన్నింటిలో ఎస్కేప్ మీట. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే హార్డ్‌డిస్కును ముట్టుకోకుండానే మింట్ తెర ప్రత్యక్షమవుతుంది.

ఆ తెర మీద ఒక గంట గడపండి. వైఫై పట్టుకుంటోందా? శబ్దం వస్తోందా? కెమెరాలో ముఖం కనిపిస్తోందా? ప్రింటరు కదులుతోందా? పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది కనుక కాస్త నత్తనడకగా వుంటుంది, దాన్ని చూసి నిరుత్సాహపడవద్దు. యూఎస్‌బీకి గుచ్చే చిన్న వైఫై పరికరాల్లో కొన్ని మొరాయిస్తాయి. అప్పుడు ఫోన్‌ను ఛార్జింగు తీగతో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ పెట్టుకుంటే నెట్ వచ్చేస్తుంది, కావలసిన డ్రైవరు దాని ద్వారా తెచ్చుకోవచ్చు.

ప్రింటర్ల విషయంలో ఒక మాట. హెచ్‌పీ ప్రింటర్లు ఎక్కువభాగం పేచీ పెట్టకుండా పనిచేస్తాయి. జిరాక్సు షాపుల్లోనూ, ఇళ్లలోనూ ఎక్కడ చూసినా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్సులో గుచ్చగానే పనిచేసే రకం కాదు. కాప్ట్ అనే ప్రత్యేక డ్రైవరు ఎక్కించుకోవాలి, కొత్తవారికి అది ఓపిక పరీక్షే.

ఆటల సంగతి

“అంతా బాగానే వుంది, మరి ఆటలో?” అన్నది ప్రతి ఇంట్లోనూ పిల్లలు వేసే ప్రశ్న. పదేళ్ల క్రితమైతే లినక్సులో ఆటలంటే నవ్వేవారు. 2018లో వాల్వ్ సంస్థ తన స్టీమ్ దుకాణంలో ప్రోటాన్ అనే సాధనాన్ని చేర్చింది. విండోస్ కోసం తయారైన ఆట అడిగే ప్రతి పనినీ ఇది అప్పటికప్పుడు లినక్సుకు అర్థమయ్యేట్లు తర్జుమా చేసి పెడుతుంది. 2022లో అదే సంస్థ చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌ను లినక్సు మీదనే విడుదల చేయడంతో వేల ఆటలు బాగుపడ్డాయి. కౌంటర్ స్ట్రయిక్ 2, డోటా 2 వంటివి నేరుగా లినక్సుకే వున్నాయి. మైన్‌క్రాఫ్ట్ జావా రూపం కూడా అంతే.

అయితే ఇక్కడే ఒక గోడ వుంది. వాలరెంట్ ఆడదు. ఫోర్ట్‌నైట్ ఆడదు. పబ్జీ కంప్యూటరు రూపం ఆడదు. ఏపెక్స్ లెజెండ్స్ మొదట్లో ఆడేదిగానీ 2024 చివర్లో లినక్సువారికి తలుపులు మూసేశారు. జీటీఏ 5 కథ ఒంటరిగా ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ భాగం మాత్రం 2024 సెప్టెంబరు నుంచి దూరమైంది. కారణం లినక్సుకు శక్తి చాలకపోవడం కాదు. దొంగాట ఆడేవారిని పట్టుకునే కాపలా ప్రోగ్రాములను ఆ కంపెనీలు విండోస్‌కే కట్టిపడేశాయి. వాలరెంట్‌లోని వాన్‌గార్డ్ విండోస్ కెర్నలు లోపలికి వెళ్లి కూర్చుంటుంది. లినక్సులో దానికి కుర్చీ లేదు. ఏ లినక్సు ఎంచుకున్నా ఈ ఫలితం మారదు. “ఫలానాది ఎక్కిస్తే వాలరెంట్ వస్తుంది” అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఫోన్ ఆటలను కంప్యూటర్‌లో ఆడించే బ్లూస్టాక్స్‌కు కూడా లినక్సు రూపం లేదు. కనుక ముందుగా పిల్లలను కూర్చోబెట్టుకుని, వారాడే ఆటల పేర్లు కాగితం మీద రాయించండి. ప్రోటాన్‌డీబీ అనే చోట ఒక్కొక్క పేరూ వెతికితే ఆడినవారు ఇచ్చిన శ్రేణి కనిపిస్తుంది. ప్లాటినం, గోల్డ్ అని వుంటే నిశ్చింత.

గ్రాఫిక్స్ కార్డు ఏఎండీదైనా, ఇంటెల్‌లో కలిసివచ్చేదైనా వేరే డ్రైవరు అక్కర్లేదు. ఎన్విడియా కార్డున్నవారు మింట్‌లోని డ్రైవర్ మేనేజరు తెరచి, అది సూచించినదాన్ని ఎంచుకుని, ఒకసారి ఆపి వెలిగిస్తే చాలు.

వీరు మారకపోవడమే మంచిది

ముద్రణాలయాలకు పేరుపడ్డ తెనాలిలో ఈ మాట తప్పక చెప్పాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డీటీపీ ఆపరేటర్లు తమ పని యంత్రాన్ని లినక్సుకు మార్చవద్దు. ఆ ప్రోగ్రాములు విండోస్‌వి. టాలీలో లెక్కలు రాసే దుకాణదారులదీ అదే దారి. వేలిముద్ర పరికరాలతో సేవలందించేవారు కూడా ఆ పరికరానికి లినక్సు డ్రైవరు వుందో లేదో తయారీదారును అడిగిగాని కదలకూడదు.

ఇంట్లో తెలుగు రాసుకునేవారికి మాత్రం ఇబ్బంది లేదు. యూనికోడ్ తెలుగు చక్కగా కనిపిస్తుంది. ఐబస్ అనే సాధనంలో ఇన్‌స్క్రిప్టు అలవాటున్నవారికి ఇన్‌స్క్రిప్టు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవారికి ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతాయి. మండలి, రామభద్ర, గురజాడ వంటి ఉచిత ఖతులు దించుకుని వాడుకోవచ్చు. మెనూలు మాత్రం తెలుగు ఎంచుకున్నా కొన్ని ఆంగ్లంలోనే మిగిలిపోతాయి. వర్డ్‌లో చేసిన ఫైళ్లు లిబ్రెఆఫీసులో తెరుచుకుంటాయిగానీ, పట్టికలు, అంచులు ఒక్కోసారి జరుగుతాయి. దరఖాస్తులు పంపేముందు పీడీఎఫ్ చేసి చూసుకోవాలి.

ఒక్క నొక్కుతో అంతా పోయేదే

ఇక మాస్టారి ఇంటికి వద్దాం. పెన్‌డ్రైవ్‌తో రెండు రోజులు చూసుకుని, పొరుగింటి ఇంజనీరింగు కుర్రవాడి సాయంతో ఒక ఆదివారం ఎక్కించడానికి కూర్చున్నారు. మధ్యలో తెర ఒక ప్రశ్న అడుగుతుంది. విండోస్ పక్కన చేర్చమంటారా, డిస్కు మొత్తం తుడిచి ఎక్కించమంటారా అని. కుర్రవాడు రెండోదాని మీద గుర్తు పెట్టి ముందుకు నొక్కబోయాడు. “ఆగు నాయనా, ఇందులో మా ఆవిడ ఫొటోలున్నాయి” అన్నారు మాస్టారు. అతని చెయ్యి అక్కడే ఆగింది.

ఆ రోజు పని అక్కడితో ఆపేశారు. మర్నాడు ఫొటోలన్నీ ముందు ఒక బయటి డిస్కులోకి, ఆపైన కుమార్తె పంపమన్నచోటుకి ఇంకొక నకలు చేశారు. కొత్త కంప్యూటరు ఖరీదులో చిన్న భాగం పెట్టి ఒక ఎస్‌ఎస్‌డీ కొన్నారు. పాత హార్డ్‌డిస్కు తీగ ఊడదీసి పక్కన పెట్టి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించి మింట్ ఎక్కించారు. తీగే లేనప్పుడు తుడిచేందుకు పాతదేదీ కనపడదు కదా! అంతా అయ్యాక తీగ మళ్లీ తగిలించారు. ఎక్కించడానికి అరగంట పట్టలేదు. ఎస్‌ఎస్‌డీ పుణ్యమా అని ఇప్పుడా యంత్రం కొన్ననాటికంటే వేగంగా తెరుచుకుంటోంది.

పాత డిస్కులోని ఫొటోలు మింట్‌లోంచి తెరిస్తే కనిపించాయిగానీ, అందులో కొత్తగా ఏదీ దాచనివ్వలేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే అమరిక వుంటే అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో వుంటుంది. అందుకే మింట్ ఆ డిస్కును చదవడానికే పరిమితం చేస్తుంది. ఆ అమరిక తీసేశాక సర్దుకుంది. మింట్‌లోని టైమ్‌షిఫ్ట్‌ను కూడా ఆ రోజే పెట్టించారు. ఏ సవరణవల్లనైనా తేడా చేస్తే అది వ్యవస్థను నిన్నటి స్థితికి తెస్తుంది. ఫొటోలకు మాత్రం అది కాపలా కాదు, వాటికి నకళ్లే దిక్కు.

దసరా సెలవులకు మనవడు వచ్చాడు. “తాతయ్యా, ఇందులో వాలరెంట్ ఏదీ?” అని అడిగాడు. వెలిగేటప్పుడు ఎఫ్12 నొక్కి పాత డిస్కు ఎంచుకొమ్మన్నారు మాస్టారు. గడువు దాకా సవరణలకు పేరు నమోదు చేసిన విండోస్ అక్కడ అలాగే వుంది. బ్యాంకు పని అందులో చేయనని, ఆటకు తప్ప దాన్ని తెరవనని మనవడి దగ్గరా మాట తీసుకున్నారు.

వాడు ఆడి లేచిన ప్రతిసారీ గడియారం అయిదున్నర గంటలు తేడా చూపడం మొదలుపెట్టింది. విండోస్ గడియారంలో స్థానిక కాలాన్ని దాస్తుంది, లినక్సు గ్రీనిచ్ కాలాన్ని దాస్తుంది. రెండూ ఒకే గడియారాన్ని పంచుకోవడంతో వచ్చిన చిక్కు అది. స్థానిక కాలమే పాటించమని మింట్‌కు ఒక్క ఆదేశం ఇచ్చి పొరుగింటి కుర్రవాడు సరిచేశాడు. అయినా మాస్టారు మాత్రం గోడగడియారం వంక ఒకసారి చూసుకున్నాకే బీపీ మాత్ర వేసుకుంటున్నారు.