కందగడ్డ ఉడకబెట్టాలా, కాల్చాలా?

శివరాత్రి దగ్గర పడితే చాలు, సంతోష్‌నగర్ పక్కనే ఉన్న మాదన్నపేట మార్కెట్‌లో కందగడ్డలు కుప్పలు పోస్తారు. కోస్తా నుంచి వచ్చిన రూమ్మేట్‌ని మాత్రం తెమ్మనకండి, పులుసులో వేసే కంద పట్టుకొస్తాడు! వాళ్లకిది చిలగడదుంప. సీమలో గెనుసుగడ్డ. పాతబస్తీ ఉర్దూలో శకర్‌కంద్.

షుగర్ ఉన్న ఇంట్లో ఉపవాసం రోజు ఒకటే పంచాయితీ: నాన్న తినొచ్చా? మా ఇంట్లోనూ అంతే. వంద గ్రాముల పచ్చి గడ్డలో పిండిపదార్థం సుమారు 20 గ్రాములు, పీచు 3 గ్రాములు. అసలు తేడా వండే తీరులో ఉంది. గడ్డ నెమ్మదిగా వేడెక్కుతుంటే అందులోని ఎంజైమ్ పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. బొగ్గుల మీద కాల్చింది అంత తియ్యగా ఉండేది అందుకే. రక్తంలో షుగర్‌ని త్వరగా పెంచేదీ అదే. తొక్కతో ఉడకబెట్టింది కొంత నయం. అదీ చిన్న ముక్క, అన్నంతో పాటు కాదు, అన్నానికి బదులు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఉపవాసానికి ముందే డాక్టర్‌ని అడగాలి. ఖాళీ కడుపుతో షుగర్ పడిపోవడం ఇంకా ప్రమాదం.

రీల్స్‌లో ఊదరగొట్టే విటమిన్ ఏ సంగతి వేరు. అది నారింజ రంగు గుజ్జున్న గడ్డల గొప్ప; మనకు ఎక్కువగా దొరికే తెల్ల గుజ్జులో చాలా తక్కువ. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ తెచ్చిన ‘భూ సోనా’ రకంలో వంద గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంది. దొరికితే వదలకండి, కాస్త నెయ్యితో తింటే ఒంటికి బాగా పడుతుంది.

పచ్చి గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఎంత ఉడికించినా మధ్యలో గట్టిగానే ఉంటాయి.