కోళ్ళ గూటికి బూడిద మందు

కోళ్ళు ఆడవాళ్ళ చేతి డబ్బు. నాలుగు గుడ్లు అమ్మితే ఉప్పూ పప్పూ వస్తాయి. కాని ఒక్కోసారి కోడి గుడ్లు తగ్గిస్తుంది. నెత్తిమీది ఎర్ర జుట్టు పాలిపోతుంది. పొదిగే కోడి గుడ్లు వదిలి లేచిపోతుంది. గుడ్లు మురిగిపోతాయి. దిష్టి తగిలిందంటారు. చాలాసార్లు అది దిష్టి కాదు. పురుగులు!

ఈ పురుగులు రెండు రకాలు.

ఒకటి పేలు. ఇవి రాత్రీ పగలూ కోడి ఒంటి మీదే ఉంటాయి. రెక్కల కింద ఈకలు విప్పి చూడండి. కనపడతాయి.

రెండోవి గోమార్లు, ఎర్ర పురుగులు. ఇవి దొంగలు. పగలు గూటి పగుళ్ళలో దాక్కుంటాయి. రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. అందుకే మందు కోడికీ కావాలి, గూటికీ కావాలి.

ఆ మందు మన పొయ్యిలోనే ఉంది. అది బూడిద. పురుగు ఒంటిమీద సన్నని మైనం పొర ఉంటుంది. పొడి బూడిద ఆ పొరను పాడు చేస్తుంది. ఒంట్లో తడి ఆరిపోయి పురుగు చస్తుంది. బూడిద తడిస్తే పని చెయ్యదు.

ఇలా చెయ్యండి:

1. కోళ్ళను బయటికి వదలండి. గూట్లో పాత గడ్డి, పెంట తీసెయ్యండి.
2. పగుళ్ళలో మరిగే నీళ్ళు పొయ్యండి. ఆరాక మట్టితో మెత్తండి.
3. గూడు బాగా ఆరాక కింద, పొదిగే గంపలో గడ్డి కింద బూడిద చల్లండి.
4. వాన తడవని చోట గుంట తియ్యండి. అందులో సగం బూడిద, సగం పొడి మన్ను పొయ్యండి. ఎండిన వేపాకు పొడి రెండు గుప్పిళ్ళు కలపండి. కోళ్ళే వచ్చి పొర్లుతాయి.

బూడిదకు పేలు చస్తాయి గాని, వాటి గుడ్లు చావవు. వారంలో పిల్లలు బయటికొస్తాయి. అందుకే పది రోజులకు మళ్ళీ చల్లాలి. ఒక్కసారి చల్లి ఊరుకుంటే లాభం లేదు.

జాగ్రత్త! బూడిద చల్లారాక జల్లించండి. నిప్పు ఉంటే గూడు అంటుకుంటుంది. ప్లాస్టిక్ కాల్చిన బూడిద వద్దు. చల్లేటప్పుడు ముక్కుకు కొంగు కట్టుకోండి. కోడి కళ్ళలో పడనియ్యకండి.

పత్తికి, మిరపకు కొట్టే మందు మాత్రం కోళ్ళకు వాడొద్దు. ఆ విషం గుడ్డులోకి వస్తుంది. ఆ గుడ్డు తినేది మన పిల్లలే. ఒకప్పుడు గమాక్సిన్ పొడి చల్లేవారు. దాన్ని 1997లో ప్రభుత్వం నిషేధించింది.

బూడిదతో పురుగులు తగ్గకపోతే పశువుల డాక్టరును అడగండి.

చెప్పండి:
గోమార్లు పగలు ఎక్కడ ఉంటాయి?
బూడిద రెండోసారి ఎందుకు చల్లాలి?