అర్ధరాత్రి ఇంట్లో మనిషి మనసు అదుపు తప్పితే ఎటు పోవాలి? విశాఖ కాదు.. ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రికే!

మిరప కోతల సీజన్. పాతికేళ్ల కుర్రాడికి మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు. తనలో తనే మాట్లాడుకుంటున్నాడు. అర్ధరాత్రి ఒక్కసారిగా లేచి, ఎవరో తనను చంపడానికి వస్తున్నారంటూ కొడవలి అందుకున్నాడు. తల్లి ఏడుస్తోంది. ఊరంతా పోగైంది. ఒకాయన "గాలి సోకింది, తాయెత్తు కట్టించండి" అన్నాడు. ఇంకొకాయన "చేతులు కట్టేసి విశాఖ పిచ్చాసుపత్రికి తీసుకుపోండి" అన్నాడు. నలుగురు కుర్రాళ్లు ఫోన్లు తీసి వీడియో మొదలుపెట్టారు.

ఊరి పేరు ఏదైనా అనుకోండి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇలాంటి రాత్రి చూడని ఊరు తక్కువ. మరి ఆ రాత్రి ఏం చేయాలి? ప్రభుత్వాసుపత్రి మనకు ఏం ఇవ్వాలి? చట్టం ఏం చెబుతోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

విశాఖే ఎందుకు గుర్తొస్తుంది?

మానసిక రోగం అనగానే మనవాళ్ల నోట వచ్చేది విశాఖ చినవాల్తేరు ఆసుపత్రి పేరు. తెలంగాణలో అయితే హైదరాబాద్ ఎర్రగడ్డ. బ్రిటిష్ కాలం నుంచి ఉన్న ఆసుపత్రి కాబట్టి విశాఖ పేరు తరతరాలుగా జనం నోళ్లలో నానిపోయింది. కానీ దూరం సంగతి ఆలోచించండి. గుంటూరు నుంచి విశాఖ దాదాపు 400 కిలోమీటర్లు. ఒంగోలు నుంచి అయితే 500కు దగ్గర. కారు మాట్లాడుకుని, మనిషిని తాళ్లతో కట్టేసి, రాత్రంతా ప్రయాణం. దారిలో నీళ్లు తాగడు, అన్నం ముట్టడు. అసలు ఆ రోగం మనసుదో ఒంటిదో కూడా అప్పటికి ఎవరికీ తెలియదు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది.

చట్టం చెప్పిన 72 గంటలు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 94 ఎమర్జెన్సీ గురించే. రోగి ప్రాణానికి ముప్పు ఉన్నా, తనకో ఇతరులకో తీవ్రమైన హాని చేసేలా ఉన్నా.. రిజిస్టరైన ఏ డాక్టరైనా, ఏ ఆసుపత్రిలోనైనా వెంటనే చికిత్స మొదలుపెట్టొచ్చు. ఆ డాక్టరు సైకియాట్రిస్టే అయి ఉండాల్సిన పని లేదు. రోగి తరఫున ఇంటిమనిషి దగ్గర ఉంటే వాళ్ల అనుమతి తీసుకుంటారు.

ఈ అత్యవసర చికిత్స గరిష్ఠంగా 72 గంటలు. ఆలోపు మానసిక వైద్య సంస్థలో పరీక్ష జరిగితే అక్కడితో ఆ గడువు ముగుస్తుంది. ఆ సంస్థకు చేర్చడం కూడా ఈ చికిత్సలో భాగమే. కరెంట్ షాక్ చికిత్సను మాత్రం ఎమర్జెన్సీ పేరుతో ఇవ్వకూడదు.

సెక్షన్ 21 ఇంకో మాట చెబుతోంది. గుండెనొప్పి వచ్చినవాడికి అంబులెన్సు ఎలా వస్తుందో, మానసిక రోగికీ అలాగే రావాలి. ఎమర్జెన్సీ సేవల నాణ్యతలోనూ తేడా చూపకూడదు. అంటే 108కి ఫోన్ చేసే హక్కు మీకు ఉంది. "మెంటల్ కేసు, మేం రాం" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

ముందు క్యాజువాలిటీకే ఎందుకు?

మనిషి వింతగా ప్రవర్తిస్తే అది మానసిక రోగమే అయి ఉండాలని లేదు. షుగర్ బాగా పడిపోయినా మనిషి తికమకగా మాట్లాడతాడు. మెదడుకు ఇన్ఫెక్షన్ సోకినా, తలకు దెబ్బ తగిలినా, ఎండదెబ్బ కొట్టినా అంతే. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులకు చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ కూడా రావొచ్చు. కాన్పయిన కొద్ది రోజులకే తల్లికి మతి చెదిరినట్టు కావడం కూడా ఉంది. అది తక్షణం చూడాల్సిన ఎమర్జెన్సీ.

మన పత్తి, మిరప పొలాల్లో ఇంకో కారణం కలుస్తుంది. మందు కొట్టేటప్పుడు ఒంట్లోకి చేరిన విషం వల్ల మనిషి గందరగోళంలో పడొచ్చు. దానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మోతాదు ఎక్కువైనా కలవరింతలు వస్తాయి. మంచం మీద లేచి గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేస్తుంటే బంధువులు "పిచ్చి పట్టింది" అనుకుంటారు. అది మందు ప్రభావం, తగ్గిపోతుంది. ఇవన్నీ తేల్చేది రక్తపరీక్ష, జ్వరం, బీపీ, అవసరమైతే తల స్కాన్. ఇవి దొరికేది జనరల్ ఆసుపత్రిలోనే.

గుంటూరు జీజీహెచ్, ఒంగోలు జీజీహెచ్ రెండూ బోధనాసుపత్రులు. సైకియాట్రీ విభాగం, క్యాజువాలిటీ ఒకే ఆవరణలో ఉండే చోట్లు. మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ విభాగం ఉంది. అందుకే మొదటి గమ్యం అటే కావాలి.

పురుగుమందు కేసుల్లో మరిచిపోయే సగం

1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు ఈ రెండు జిల్లాల రైతుల బలవన్మరణాలు దేశమంతా చర్చ అయ్యాయి. అప్పులు, కౌలు, ధరల గొడవ నేటికీ తీరలేదు. విషం తాగిన మనిషిని క్యాజువాలిటీలో బతికిస్తారు. రెండు మూడు రోజులు చూసి ఇంటికి పంపేస్తారు. కడుపులో విషం పోయింది సరే, మనసులోది? ఇంటికెళ్లాక అదే అప్పు, అదే దిగులు.

చికిత్సలో రెండో సగం మొదలు కావాల్సింది అక్కడే. డిశ్చార్జికి ముందు సైకియాట్రిస్టు ఒకసారి చూడాలి. ఇంటివాళ్లతో మాట్లాడాలి. మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాసివ్వాలి. చూడకుండా పంపుతుంటే మీరే అడగండి.

కేసు అవుతుందేమోనని చాలామంది నిజం దాస్తారు. ఆ భయం అక్కర్లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అందుకు విచారణ, శిక్ష ఉండకూడదని సెక్షన్ 115 చెబుతోంది. అలాంటివారికి చికిత్స, పునరావాసం చూడటం ప్రభుత్వం బాధ్యత. పాత ఐపీసీలోని 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ రాయడం రికార్డు కోసం. అది శిక్ష కాదు. ఏం తాగారో, ఎప్పుడు తాగారో డాక్టరుకు దాచకుండా చెబితేనే ప్రాణం నిలుస్తుంది.

వార్డులో ఇవి మీ హక్కులు

తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. ఇప్పటి చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. ఇంకా ఏం చెబుతోందంటే..

- వార్డు శుభ్రంగా, సురక్షితంగా ఉండాలి. మరుగుదొడ్డి, స్నానం దగ్గర మరుగు ఉండాలి. మంచి తిండి పెట్టాలి.
- బలవంతంగా గుండు కొట్టకూడదు. సొంత బట్టలు వేసుకుంటానంటే వేసుకోనివ్వాలి.
- ఒంటరి గదిలో బంధించకూడదు. చేతులు కట్టడం తప్ప హాని ఆపే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే చేయాలి. కారణం రికార్డులో రాయాలి. 24 గంటల్లో ఇంటివాళ్లకు చెప్పాలి.
- మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాక్ చికిత్స చేయకూడదు.
- ఇంటివాళ్లు లేరనో, తీసుకెళ్లరనో నయమైన మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు.

కాగితం మీద ఇంత ఉన్నా, 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల పరిస్థితి అమానవీయంగా ఉందని తేల్చింది. నయమైనవాళ్లనూ అక్కడే ఉంచేస్తున్నారని తప్పుపట్టింది.

ఇక్కడే అసలు ముడి ఉంది. దూరంగా ఉన్న ఆసుపత్రిలో దింపి వస్తే, మళ్లీ చూడటానికి వెళ్లాలంటే రెండు రోజుల కూలి పోతుంది. నెలకోసారి వెళ్లేవాళ్లు ఏడాదికోసారి వెళ్తారు. తర్వాత అదీ ఉండదు. నయమైన మనిషి మంచం ఖాళీ కాదు. కొత్తగా వచ్చినవాడికి చోటుండదు. అడిగే బంధువు లేని వార్డులో అన్నం ఎలా ఉంది, పక్క మార్చారా అని చూసేదెవరు? పెద్దాసుపత్రి బాగుపడాలంటే జిల్లా ఆసుపత్రిలో మానసిక వార్డు, రాత్రి డ్యూటీ, మందుల సరఫరా ముందు బాగుపడాలి. రోగి ఇంటికి దగ్గర్లో ఉంటే తల్లి క్యారేజీ పట్టుకుని రోజూ వెళ్తుంది. అంతకు మించిన తనిఖీ లేదు.

ఆ రాత్రి చేయాల్సినవి

- పదునైన పనిముట్లు, పురుగుమందు డబ్బాలు పక్కకు తీసేయండి. జనాన్ని పంపేయండి. తనకు నచ్చిన ఒక్కరే నెమ్మదిగా మాట్లాడాలి. వాదించొద్దు.
- 108కి ఫోన్ చేయండి. ఎన్ని రోజులుగా ఇలా ఉన్నాడు, జ్వరం, షుగర్, తాగుడు, మందు కొట్టిన పని.. అన్నీ చెప్పండి. వాడే మాత్రల చీటీలు వెంట తీసుకెళ్లండి.
- దిగులు, చనిపోవాలన్న ఆలోచన ఉంటే 14416 టెలీ మానస్‌కు చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.
- రోడ్డు మీద తిరుగుతూ తన బాగోగులు చూసుకోలేని స్థితిలో ఎవరైనా కనిపిస్తే పోలీసులకు చెప్పండి. 24 గంటల్లో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి చేర్చడం వాళ్ల విధి. లాకప్‌లో పెట్టకూడదు.
- ఆసుపత్రిలో చేర్చుకోకపోయినా, వార్డులో హక్కులకు భంగం కలిగినా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫిర్యాదు చేయొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది.

చివరిగా ఒక్క మాట. ఆ కుర్రాడి వీడియో తీసిన నలుగురికి. చికిత్స తీసుకుంటే అతను కోలుకోవచ్చు. మళ్లీ పొలానికి వెళ్తాడు, రేపు పెళ్లి సంబంధాలు చూస్తారు. కానీ వాట్సాప్‌లోకి వెళ్లిన వీడియో వెనక్కి రాదు. ఆ ఫోన్‌తో చేయాల్సింది ఒక్కటే.. 108 నొక్కడం.